పాత ఎంటీబీ ఓవరాయిలింగు: గౌలిగూడ నుంచి అనంతగిరి దాకా

పాత ఎంటీబీ, అంటే లావు టైర్ల గేరు కొండ సైకిలు, బాగు చేయించుకోవడానికి హైదరాబాద్ వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: గచ్చిబౌలి వైపు రూము తీసుకోకండి. పెద్ద షోరూములు అటే ఉన్నాయి కదా అని మా తమ్ముడు అక్కడే బుక్ చేయమన్నాడు. కానీ పాత బండికి కావలసిన చేతులూ సామానూ కోఠీ, అఫ్జల్‌గంజ్, రాణీగంజ్ చుట్టుపక్కల ఉన్నాయి. సూర్యాపేటలో ఆర్టీసీ బస్సెక్కి, ముందు చక్రం ఊడదీసి, గేర్ల వైపు పైకి ఉండేలా సైకిలును డిక్కీలో పడుకోబెట్టాను. కండక్టర్ లగేజీ టికెట్ కొట్టి ఊరుకున్నాడు. ఎంజీబీఎస్‌లో దిగి గౌలిగూడలో లాడ్జి చూసుకున్నాను.

నాంపల్లిలో ముందు అడిగిన లాడ్జివాళ్లు సైకిలు రోడ్డు మీదే పెట్టుకోమన్నారు. గౌలిగూడ లాడ్జి చూడ్డానికి అంత బాగుండదు, తెల్లవారకముందే బస్సుల హారన్లు మొదలవుతాయి, వేడినీళ్లు బకెట్‌తోనే ఇస్తారు. అయితే మేనేజర్ మెట్ల కింద జాగా చూపించి, గొలుసు కట్టుకోవడానికి కిటికీ ఊచ కూడా చూపించాడు. నాకు అదే కావాలి. సాయంత్రం పాత బస్టాండు వైపు నడిచాను. మిసిసిపి హ్యాంగర్ అనే ఆ పెద్ద రేకుల షెడ్డు 2018 జూలైలో కూలిపోయింది. చిన్నప్పుడు హైదరాబాద్ వచ్చామంటే దాని కిందే దిగేవాళ్లం.

సైకిలు ట్రెక్ 820. తొంభైల్లో మా బాబాయి అమెరికా నుంచి వస్తూ తెచ్చుకున్నాడు. ఆయన మోకాళ్లు మొరాయించాక వడ్ల బస్తాల వెనక చేరింది. స్టీలు ఫ్రేము, ముందు షాకబ్జార్బర్ లేదు, కాంటిలివర్ బ్రేకులు (రిమ్ముకు రెండు పక్కలా చేతులుండి, తీగ లాగితే పట్టే పాత రకం). కొండ సైకిళ్లు 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో పుట్టాయి. పాత బరువు సైకిళ్లను కొండ మీద నుంచి దూకించే కుర్రాళ్ల సరదా అది. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ తెచ్చాక ఫ్యాక్టరీ సరుకైంది. మన ఊళ్లలో ఎంటీబీ అంటే హీరో రేంజర్, హెర్క్యులస్ ఎంటీబీ. వాటిలో చాలావాటికి గేర్లే ఉండవు, లావు టైర్లు చూసే మురిసిపోయేవాళ్లం.

ఆ రేంజర్ల పుణ్యాన నాకు టైర్ల బాధ తప్పింది. పాత ఎంటీబీ రిమ్ము 559 మిల్లీమీటర్లది, రేంజర్‌దీ అదే. కొనేటప్పుడు మాత్రం అంకె రాసిన తీరు చూసుకోవాలి. 26 x 1.95 అని దశాంశంలో ఉంటే మనది. 26 x 1 3/8 అని భిన్నంలో ఉంటే అది 590 మిల్లీమీటర్ల రిమ్ముకు, మనదానికి వదులైపోతుంది. రెండింటినీ ‘ఇరవయ్యారే కదా’ అని ఒకే గాటన కట్టి ఇచ్చే కొట్లు ఉన్నాయి.

తమ్ముడి మాట తీసేయలేక మొదట ఒక షోరూముకే వెళ్లాను. ఏసీ, కాఫీ, మెషిన్ మీద చక్రం బెండు తీయడం, అన్నీ బాగున్నాయి. బాటమ్ బ్రాకెట్, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే గూడు, దగ్గర మాత్రం కుర్రాడు చైను వైపు కప్పును (ఇరుసును పట్టే మర మూతను) అందరూ మర విప్పినట్టే ఎడమకు తిప్పుతూ రెంచి మీద ఎక్కి నిలబడబోయాడు. అటు వైపు మర ఉల్టా ఉంటుంది. నేను ఆపితే మేనేజర్ వచ్చి, ఇంత పాతదానికి స్పేర్లు రావు, కొత్తది చూడండి అని క్యాటలాగు చేతిలో పెట్టాడు. కొత్త సైకిలు కొనేవాళ్లకు, హైడ్రాలిక్ బ్రేకులు సర్వీసు చేయించేవాళ్లకు ఆ చోటు మంచిదే. నేను కాఫీ తాగి వచ్చేశాను.

కోఠీ వెనక సందుల్లో దొరికిన కొట్టు మొత్తం ఒక తలుపంత వెడల్పు. చూరు నుంచి ట్యూబులు, రిమ్ములు వేలాడుతున్నాయి. ఉస్తాద్ సైకిలును తలకిందులు చేసి, పెడల్ ఒకసారి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. “కప్పు బాగనే ఉన్నది అన్నా, ఛర్రలు పోయినయ్. పరేషాన్ గాకు” అన్నాడు. ఛర్రలంటే బేరింగు గుండ్లు. చైను వైపు కప్పును అడక్కుండానే కుడికి తిప్పి విప్పాడు. ఇరుసును కిరసనాయిలులో కడిగి, గుండ్లు దొర్లే చోట బొటనవేలి గోరుతో చుట్టూ గీశాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. తట్టుకుంటే గుంట పడ్డట్టు, అప్పుడు ఇరుసు మార్చాల్సిందే. గ్రీజు పెట్టి, పావు అంగుళం గుండ్లను పుల్లతో ఒక్కొక్కటీ కూర్చాడు, ఒక్కో వైపు పదకొండు. గుండ్లను పట్టి ఉంచే పాత జాలీలో తొమ్మిదే పడతాయి, అది పారేసి విడిగుండ్లు వేస్తే బరువు ఎక్కువ చోట్ల పంచుకుంటుందని ఆయన లెక్క. చివరికి ఎడమ కప్పును బిగిస్తూ, వదులు చేస్తూ, మళ్లీ బిగిస్తూ చాలాసేపు పట్టాడు. ఊగకూడదు, పట్టేయకూడదు. పెడల్ వదిలితే దాని బరువుకు అదే కిందకు దిగింది.

మా ఊళ్లో సైకిల్ టాక్సీ గుర్తొచ్చింది. గంటకు ఇంత అని అద్దెకిచ్చే కొట్టు. మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నంబరు, గోడకు మేకు, మేకుకు దారంతో వేలాడే నోటుబుక్కు. మేమందరం సీటు అందక కాంచీ తొక్కడం నేర్చుకుంది ఆ బండ్ల మీదే. పంక్చర్ చేస్తే ఆయన ట్యూబును తొట్టి నీళ్లలో ముంచి బుడగ మనకు చూపించాకే సొల్యూషన్ మూత తీసేవాడు. ఆ చోట ఇప్పుడు మొబైల్ రీఛార్జి కొట్టు ఉంది. ఈ ఉస్తాద్ దగ్గర కూడా నేర్చుకునే పిల్లలెవరూ కనబడలేదు. అడిగితే, ఉన్న ఒక్కడూ డెలివరీ బండెక్కాడని చెప్పాడు.

గుండ్లు రాణీగంజ్‌లో కొన్నాను. బేరింగుల కొట్లో విడిగా పది ఇవ్వమంటే నవ్వుతారు. గ్రోసు లెక్కన, అంటే 144, ఇస్తారు. మిగిలినవి ఉస్తాద్‌కే ఇచ్చేశాను. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత గేరు లివర్లు దొరుకుతాయేమోనని మెట్రోలో వెళ్లాను. ఫోన్ ఛార్జర్లు, బూట్లు, పాత డ్రిల్లింగ్ మెషిన్లు కుప్పలు. సైకిలు సామాను పిసరంత. దాని కోసమే అయితే ఆదివారం పాడుచేసుకోనక్కర్లేదు. కాంటిలివర్ బ్రేకుల కట్టెలు, అంటే రిమ్మును పట్టే రబ్బరు ముక్కలు, దొరకడం మాత్రం కష్టమైంది. 1996లో షిమానో వి-బ్రేకు తెచ్చాక అందరూ దానికి మారిపోయారు, గుండ్రటి నున్నటి కడ్డీ ఉన్న పాత రకం ఎవరూ తెప్పించడం లేదు. వి-బ్రేకులే వేసుకుందామంటే వాటి లివరు తీగను ఎక్కువ లాగాలి, పాత లివరు సరిపోదు. ఉస్తాద్ అట్టపెట్టెలన్నీ వెతికి దుమ్ము పట్టిన రెండు జతలు తీశాడు. రబ్బరు కాస్త గట్టిపడింది, గరుకు కాగితంతో గీసి వేశాం.

రంగు కోసం బాలానగర్ వెళ్లి పౌడర్ కోటింగ్ అడిగాను. ఇసుకతో పాత రంగంతా కొట్టేసి, పొడి చల్లి, ఓవెన్‌లో దాదాపు 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. పని గట్టిగా ఉంటుంది, ధర కూడా న్యాయంగానే చెప్పారు. కాకపోతే ఫ్రేము మీద స్టిక్కర్లు పోతాయి, మరలకు టేపు సరిగా చుట్టకపోతే లోపల పొడి గడ్డకడుతుంది. ఒక్క ఫ్రేముకు ఓవెన్ వేయరు కాబట్టి ఏ గేట్ల లాట్‌లోనో కలిసేదాకా ఆగాలి. నేను పాత రంగునే రుద్ది మెరిపించే రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా కొనుక్కుని తిరిగొచ్చాను. బాబాయి గీతలు బాబాయివి, ఉండనీ.

గేర్లు సర్దుకోవడానికి ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మంచిది. 2023 అక్టోబరులో తెరిచారు, మొత్తం 23 కిలోమీటర్లు, ఎండ తగలదు, లారీల టెన్షన్ లేదు. కొండ సైకిలుకు మాత్రం చప్పగా ఉంటుంది. అందుకని వికారాబాద్ మీదుగా అనంతగిరి పోయి ఒక రాత్రి ఉన్నాను. గెస్ట్‌హౌస్ భోజనం గురించి పొగడలేను, పప్పు కూడా చల్లగా వచ్చింది. కానీ వరండాలో సైకిలు పెట్టుకోనిచ్చారు. తెల్లవారి ఘాట్ దిగుతుంటే బ్రేకులు కోతుల్ని చెదరగొట్టేంతగా కీచుమన్నాయి. బ్రేకు కట్టె వెనక అంచు కింద మడిచిన బస్సు టికెట్టు పెట్టి, ముందు అంచు ముందుగా రిమ్ముకు తగిలేలా బిగిస్తే అరుపు ఆగింది.

ఉస్తాద్ కొట్టుకు వెళ్లేవాళ్లు పదకొండు దాటాక వెళ్లండి, శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వద్దు. రాణీగంజ్ పని ఆదివారానికి పెట్టుకోకండి. కాంటిలివర్ కట్టెలు ఇంకో జత మిగిలే ఉన్నాయి.