పటం బాగుంది, ఒక్క పేరు తప్ప

నల్లగొండ గడియారం సెంటరు దగ్గరి ఒక స్టేషనరీ దుకాణంలో ఆగస్టులో రెండు రెక్సిన్ పటాలు కొన్నాను. ఒకటి గుండె, ఇంకొకటి ‘స్త్రీ ప్రత్యుత్పత్తి వ్యవస్థ’. దేవరకొండ వైపు ప్రభుత్వ పాఠశాలలో పదో తరగతికి జీవశాస్త్రం చెబుతాను. పాత కాగితం పటాన్ని చెదలు తినేశాయి. రెండో పటం ధర 280 రూపాయలు. దుకాణం కుర్రవాడు దాన్ని మాత్రం పాత పత్రికలో చుట్టి, దారంతో కట్టి ఇచ్చాడు. గుండెకు ఆ మర్యాద జరగలేదు.

సరుకు మంచిదే. రెక్సిన్ మందంగా ఉంది, తడిగుడ్డతో తుడిస్తే రంగు పోలేదు, పైనా కిందా కొయ్య కడ్డీలు గట్టివి. అక్షరాలు చివరి బెంచీకి కనబడతాయి.

పేర్లు తెలుగులో ఉండటం వల్ల పాఠం ఎంత సాగుతుందో ఈసారే తెలిసింది. ‘గర్భాశయం’ దగ్గర ఒక పిల్ల లేచి, ‘గర్భానికి ఆశయమేమిటి టీచర్?’ అంది. క్లాసంతా నవ్వింది. సాగర్ కట్ట వెనక నీళ్లు నిలిచే చోటును ఏమంటాం అని అడిగాను. జలాశయం అన్నారు. ఆశయం అంటే పాత అర్థంలో ఉండే చోటు, నిలిచే చోటు. అండాశయం కూడా అంతే. ఫాలోపియన్ నాళానికి మాత్రం ఇటలీలోని పాదువాలో పాఠాలు చెప్పిన ఫల్లోప్పియో పేరు పెట్టారు. 1561లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన దాన్ని బాకాతో పోల్చాడు. పటంలో నాళం చివర విచ్చుకున్న తీరు చూస్తే ఆ పోలిక నిజమే అనిపిస్తుంది. గర్భాశయం కింది భాగాన్ని లాటిన్ వారు మెడ అన్నారు, మనం ముఖద్వారం అన్నాం.

ఇక అసలు ఫిర్యాదు. ఆ ముఖద్వారానికి దిగువన ఉన్న యోనికి బాణం గుర్తు వేసి ‘మర్మాంగం’ అని అచ్చు వేశారు. అదే సంస్థ వేసిన పురుషుల పటం దుకాణంలో పక్కనే వేలాడుతోంది. అందులో శిశ్నం, వృషణాలు అని శుభ్రంగా రాసి ఉంది. ఆడవారి దగ్గరికి వచ్చేసరికి మర్మం ఎందుకొచ్చిందో!

యోని అంటే పుట్టిన చోటు, మూలం. బ్రహ్మ పద్మయోని, అగస్త్యుడు కుంభయోని, సీత అయోనిజ. హరికథలో ఈ మాటలన్నీ మైకులో వినబడతాయి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలు తల ఊపుతారు. ఎనభై నాలుగు లక్షల యోనుల సంగతి మా నాయనమ్మ పప్పు రుబ్బుతూ చెప్పేది. అదే మాట పటం మీద కనిపిస్తే తప్పయిందా?

ఇంగ్లీషు వారు వాడే వజైనా కంటే మన మాట ఎంతో మేలు. ఆ లాటిన్ మాటకు కత్తి ఒర అని అర్థం. ఒర ఎవరి కోసమో వేరే చెప్పాలా! దాని నుంచే స్పానిష్‌లో చిన్న ఒర, కాయ అనే అర్థంతో వెనీలా పుట్టింది. ఐస్‌క్రీం తినేటప్పుడు ఎవరూ సిగ్గుపడటం లేదు. బయటి అవయవాలకు లాటిన్‌లో ఇంకో పేరుంది, పుడెండం. సిగ్గుపడవలసినది అని దాని అర్థం. మన మర్మాంగం దానికి తోబుట్టువు లాంటిదే.

ఇంకో లోపం, కొలత వేయకపోవడం. మా బడి ఆయమ్మకు గర్భసంచి తీసేసి ఆరేళ్లయింది. పటం ముందు చీపురు పట్టుకుని చాలాసేపు నిలబడి, ‘నాకు తీసింది ఇంత పెద్దదా టీచరమ్మా?’ అని అడిగింది. గర్భం లేనప్పుడు అది సుమారు ఏడున్నర సెంటీమీటర్ల పొడవే ఉంటుందని పిడికిలి బిగించి చూపించాను. ఆమె తన పిడికిలి కూడా బిగించి చూసుకుంది. ఆపరేషన్ చేసిన చోట ఆమెకు ఎవరూ ఆ మాత్రం చెప్పలేదు.

అయిదుకు మూడు చుక్కలు ఇస్తున్నాను. తెల్ల కాగితం ముక్క మీద ‘యోని’ అని రాసి మర్మాంగం మీద అంటించాను. రెండో రోజుకే జిగురు ఊడింది. కొనేవారు పోస్టర్ల మీద రాసే చెరగని మార్కరు కూడా ఒకటి కొనుక్కోండి, నల్లదైతే మంచిది. 20 రూపాయలు అదనంగా అవుతుంది.