కాంటియోన్ గూజ్, డ్యూపాంట్ సేజోన్: ఏ బీరు ముందు తాగాలి?

రెండూ బెల్జియం బీర్లే, రెండూ కుటుంబాలు నడిపే బ్రూవరీల్లో (బీరు తయారయ్యే చోట్లలో) కాచేవే. పోలిక అంతటితో సరి.

బ్రస్సెల్స్‌లోని కాంటియోన్ 1900లో మొదలైంది. ఇక్కడ కాచే లాంబిక్ అనే బీరుకి ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) కలపరు. గోధుమ, బార్లీ మాల్ట్‌తో కాచిన రసాన్ని చలికాలపు రాత్రి అటక మీది వెడల్పాటి రాగి తొట్టిలో చల్లారనిస్తారు. గాలిలోని సూక్ష్మజీవులే చేరి దాన్ని పులియబెడతాయి. ఎండాకాలంలో చెడ్డవి ఎక్కువగా చేరతాయి కాబట్టి అప్పుడు కాచరు. తర్వాత చెక్క పీపాల్లో నిల్వ. ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లను కలిపి సీసాల్లో నింపి, అందులోనే మళ్లీ పులియనిస్తే అది గూజ్. పుల్ల మజ్జిగ అలవాటున్న నాలుకకైనా మొదటి గుక్క ఉలికిపాటే!

టూర్ప్ ఊళ్లోని పాత పొలం బ్రూవరీ 1920లో డ్యూపాంట్ కుటుంబం చేతికొచ్చింది. వీళ్లు తమ ఈస్ట్‌ను ఏల్ అనే మామూలు రకం బీరు కంటే బాగా వెచ్చగా పని చేయిస్తారు. అందుకే సేజోన్‌లో మిరియాల ఘాటు ఉంటుంది, తీపి దాదాపు మిగలదు. ఆల్కహాల్ 6.5 శాతం.

నా ఓటు ముందు సేజోన్‌కే. వేయించిన చేపతో అద్భుతంగా కుదురుతుంది. గూజ్‌కి ఓపిక కావాలి, డబ్బూ ఎక్కువే. కానీ కొన్నాక తాగేయాలన్న తొందర లేదు, చల్లటి చీకటి గదిలో ఏళ్ల తరబడి నిలవుంటుంది.