బందరు రోడ్డులో విహారనౌకల టికెట్లు: ఒక బుకింగ్ కార్యాలయంపై సమీక్ష

విజయవాడ బందరు రోడ్డులో, లబ్బీపేట వైపు ఒక మేడ మీద నడుస్తున్న ట్రావెల్ కార్యాలయం కాశీ, చార్‌ధామ్, దుబాయ్ యాత్రలతో పాటు విహారనౌకల టికెట్లు కూడా అమ్ముతోంది. మేమూ మా తోడల్లుడి కుటుంబమూ వీరి ద్వారానే సింగపూర్ నుంచి బయలుదేరే ఒక ఓడలో గదులు తీసుకుని వెళ్లివచ్చాం. ఓడ మీద పెట్టిన తిండి గురించి, చూసిన ఆటపాటల గురించి రాసేవారు చాలామందే ఉన్నారు కనుక ఈ సమీక్షను టికెట్టు కొన్న చోటికే పరిమితం చేస్తున్నాను. విమానం టికెట్టు ఎవరి దగ్గర కొన్నా ఆ సీటు ఆ సీటే. ఓడల విషయంలో మాత్రం ఒకే కంపెనీ పేరు మీద ముప్పయ్యేళ్ల నాటి నౌకా, నిరుడు నీళ్లలోకి దిగిన నౌకా పక్కపక్కనే అమ్ముడవుతున్నాయి. ఆ తేడాను కొనేవాడికి విప్పి చెప్పడంలో ఈ కార్యాలయం పనితనం కనిపిస్తుంది. ఖర్చులు విప్పి చెప్పవలసిన చోట అదే పనితనం కనిపించదు.

బల్ల దగ్గరున్న అమ్మాయి ముందుగా డబ్బు ఊసెత్తకుండా, "ఇంట్లో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎవరైనా వస్తున్నారా అండీ?" అని అడిగింది. ఉన్నారని చెప్పాక డెక్కుల (ఓడ అంతస్తుల) పటం పరిచి, లిఫ్టుకు దగ్గరగా ఉన్న గదుల చుట్టూ బాల్‌పెన్నుతో సున్నాలు చుట్టింది. ఈతకొలను ఉన్న డెక్కుకు సరిగ్గా కింద పడే గదుల వరసను అడ్డంగా కొట్టేసింది. తెల్లవారుజామునే పైన కుర్చీలు ఈడుస్తారని, ఆ చప్పుడుకు నిద్ర పట్టదని, పైనా కిందా కూడా ప్రయాణికుల గదులే ఉన్న డెక్కులో నడిమి భాగం తీసుకుంటే ఊపు, చప్పుడు రెండూ తక్కువగా ఉంటాయని వివరించింది. ఓడ ఊగుతుందేమోనని మా ఆవిడకు అప్పటిదాకా ఉన్న భయంలో సగం ఆ పటం దగ్గరే పోయింది.

ప్రతి ఓడకూ వీరి దగ్గర ఒక అర పేజీ కాగితం ఉంది. ఏ సంవత్సరంలో కట్టారు, ఏ యార్డులో కట్టారు, పాత పేర్లేమిటి, టనేజ్ ఎంత, గదికి ఇద్దరి లెక్కన ఎందరు పడతారు అన్న వివరాలన్నీ, సంబంధం ఖాయం చేసుకునే ముందు జాతకం చూసుకున్నట్లు, అందులో చూసుకోవచ్చు. మన దేశంలో బాగా పేరున్న కోర్డేలియా సంస్థ 'ఎంప్రెస్' కాగితాన్నే తీసుకుంటే, ఆ నౌక 1990లో ఫ్రాన్సులోని సెయింట్ నజేర్ యార్డులో 'నార్డిక్ ఎంప్రెస్' పేరుతో తయారై, ఆ తర్వాత అమెరికా కంపెనీ రాయల్ కరీబియన్ వారి 'ఎంప్రెస్ ఆఫ్ ది సీస్'గా మారి, మధ్యలో స్పెయిన్‌కు చెందిన పుల్‌మంతూర్ సంస్థ కింద తిరిగి, కోవిడ్ కాలంలో అమ్ముడై 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి మన ప్రయాణికులతో బయలుదేరింది. వయసు చెప్పగానే కొనేవాడు జారిపోతాడేమోనన్న జంకు ఆ అమ్మాయి మాటలో లేదు. పాత ఓడ అంటే చెడ్డ ఓడ అని అర్థం కాదని, వరండాలు ఇరుకుగా ఉంటాయని, బాల్కనీ గదులు తక్కువగా ఉంటాయని మాత్రం చెప్పింది. స్వదేశీ రేవుల మధ్యే తిరిగే ప్రయాణాలకు పాస్‌పోర్టు అక్కర్లేకపోవడం, శాకాహారం, జైన ఆహారం దొరకడం మన వారికి పెద్ద సదుపాయమే కదా అని కూడా తనే గుర్తు చేసింది.

నాకు ఈ కార్యాలయం మీద గురి కుదిరింది టనేజ్ లెక్క దగ్గర. గ్రాస్ టనేజ్ అంటే ఓడ బరువని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఓడ లోపలి ఘనపరిమాణాన్ని బట్టి వేసే అంకె. దానిని ప్రయాణికుల సంఖ్యతో భాగిస్తే మనిషికి ఎంత చోటు దక్కుతుందో స్థూలంగా తెలుస్తుంది. ఆ అమ్మాయి కాలిక్యులేటరు మా వైపు తిప్పి నొక్కి చూపించింది. ఎంప్రెస్ టనేజ్ 48,563. గదికి ఇద్దరి లెక్కన సుమారు 1,600 మంది. భాగిస్తే 30 చిల్లర. సింగపూర్ నుంచి తిరిగే 'జెంటింగ్ డ్రీమ్' టనేజ్ 1,50,695, సుమారు 3,350 మంది, అంటే 45. ప్రపంచంలోనే అతి పెద్ద తరగతికి చెందిన రాయల్ కరీబియన్ 'ఐకాన్ ఆఫ్ ది సీస్' టనేజ్ 2,48,663, 5,610 మంది, అదీ 44 దగ్గరే ఆగుతుంది. ఓడ ఎంత పెద్దదైనా మనిషికి దక్కే చోటు ఆ మేరకు పెరగదన్నమాట. పైగా పిల్లల సెలవుల్లో మూడో మంచం, నాలుగో మంచం కూడా నిండితే ఐకాన్‌లో 7,600 మంది దాకా ఎక్కుతారు, అప్పుడు ఈ అంకె 33 లోపే ఉంటుంది. వేసవి సెలవుల్లోనే వెళ్లాలని పట్టుబట్టిన మా తోడల్లుడు ఈ లెక్క చూసి మెత్తబడ్డాడు.

ఇంత పెద్ద ఓడలు ఎందుకు కడుతున్నారని అడిగితే లోపలి గదిలోంచి యజమాని వచ్చి కూర్చున్నారు. టికెట్టు కొనడానికి ఈ సంగతి అవసరమా అని కొందరికి అనిపించవచ్చు గానీ, ధర ఎందుకు పెరుగుతుందో, ఎందుకు పడుతుందో అక్కడే తెలిసింది. 1988లో రాయల్ కరీబియన్ 'సావరిన్ ఆఫ్ ది సీస్'ను 73 వేల టనేజ్‌తో దించితే అది ప్రపంచ వింత. 2024 జనవరిలో తొలి ప్రయాణం చేసిన ఐకాన్ దానికి మూడింతలకు పైనే. ఐకాన్‌కు తోబుట్టువు 'స్టార్ ఆఫ్ ది సీస్' 2025లో వచ్చింది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఎంఎస్‌సీ సంస్థ 2022లో 'వరల్డ్ యూరోపా'ను, 2025లో 'వరల్డ్ అమెరికా'ను దించి, అమెరికా కంపెనీల సొంత గడ్డ అయిన మయామీలోనే కూర్చుంది. ఓడల సంఖ్యలో అందరికన్నా పెద్దదైన అమెరికా సంస్థ కార్నివాల్ కోవిడ్ అప్పులు తీర్చుకుంటూ కొత్త ఆర్డర్లకు కొన్నాళ్లు దూరంగా ఉండి, 2024లో ఇటలీ యార్డు ఫిన్‌కాంటియరీకి సుమారు 2,30,000 టనేజ్ ఉన్న ఓడలు మూడు కట్టమని చెప్పింది. అవి 2029, 2031, 2033 సంవత్సరాల్లో రావలసి ఉంది. నేడు చెప్పిన ఆర్డరుకు సరుకు అంత ఆలస్యంగా రావడానికి కారణం ఒక్కటే: ఇంతటి ఓడలు కట్టగల యార్డులు జర్మనీ, ఫిన్లాండ్, ఫ్రాన్స్, ఇటలీలలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. డబ్బున్నా వరసలో నిలబడాలి.

వరసలో నిలబడే ఓపికా పెట్టుబడీ లేని సంస్థలకు పాత ఓడలే దిక్కు. మన దేశం వైపు వచ్చేవి ఎక్కువగా అలాంటివే. 2019లో ముంబయి నుంచి మొదలైన జలేష్ సంస్థ నౌక 'కర్ణిక' కూడా 1990 నాటిదే. కోవిడ్ దెబ్బకు సంస్థ మూతపడి, ఓడ 2020లోనే తునకలు కావడానికి గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరింది. కోర్డేలియా ఆ దశ దాటి నిలబడి, ఇప్పుడు అమెరికాకు చెందిన నార్వీజియన్ క్రూయిజ్ లైన్ సంస్థ నుంచి 1999 నాటి 'స్కై'ని, 2001 నాటి 'సన్'ను కిరాయికి తీసుకునే ఒప్పందం చేసుకుంది. ఒక్క ఓడతో నడిచే సంస్థ మూడు ఓడల సంస్థ కావడం చిన్న సంగతి కాదు. ఒక్కటే ఓడ ఉంటే అది మరమ్మతుకు వెళ్లినప్పుడు వ్యాపారమే ఆగిపోతుంది. ముంబయిలో ఉంటే చెన్నైకి ఉండదు, చెన్నైకి వస్తే ముంబయికి ఉండదు.

సింగపూర్ రేవు కథ ఇంకా రసవత్తరం. జెంటింగ్ డ్రీమ్‌ను నడిపిన హాంకాంగ్ సంస్థ 2022లో దివాలా తీసింది. అదే సంవత్సరం రిసార్ట్స్ వరల్డ్ అన్న కొత్త పేరుతో ఆ ఓడ మళ్లీ సింగపూర్ నుంచే బయలుదేరింది. దివాలా నాటికి జర్మనీలోని విస్మార్ యార్డులో సగంలో ఆగిపోయి ఉన్న ఆ సంస్థ భారీ ఓడను డిస్నీ కొనుక్కుని, 'డిస్నీ అడ్వెంచర్' అని పేరు మార్చి, సింగపూర్‌నే దాని స్థావరంగా ప్రకటించింది. తొలి ప్రయాణాన్ని 2025 డిసెంబరు నుంచి 2026 మార్చికి వాయిదా వేశారు. అంటే ఒకే ఇంటి ఓడలు రెండు వేర్వేరు యజమానుల కింద ఒకే రేవులో పోటీదారులయ్యాయి. రాయల్ కరీబియన్ ఓడలు అక్కడ ఎలాగూ ఉన్నాయి. కొత్త ఓడ ప్రకటన వెలువడిన రేవులో పాత ఓడల వారు రాయితీలు మొదలుపెడతారని, గది ఖాళీగా వెళ్తే టికెట్టు డబ్బే కాక ఓడ మీద ఆ మనిషి పెట్టబోయే ఖర్చు కూడా పోతుందని, అందుకే ఎంతకో అంతకు నింపుతారని యజమాని చెప్పారు. ఆయన మాట మా విషయంలో నిజమైంది. అడ్వాన్సు కట్టాక, పూర్తి సొమ్ము కట్టే గడువుకు ముందు ధర పడితే, మేం అడగకుండానే ఫోను చేసి, "బాబాయి గారూ, రేటు తగ్గింది, పాత బుకింగు తీసేసి కొత్తది వేస్తున్నాం" అని చెప్పి, తేడా సొమ్ము లెక్కలో చూపించారు. ఇలా చేసే ఏజెంటు మన ఊళ్లో దొరకడం మామూలు విషయం కాదు.

ఇక లోపాలు. మొదటి కొటేషన్‌లో రాసినది గది అద్దె మాత్రమే. పోర్టు చార్జీలు తర్వాతి కాగితంలో, పన్నులు ఆ తర్వాతి కాగితంలో వచ్చాయి. ఓడ సిబ్బందికి రోజువారీ సర్వీసు చార్జీ ఉంటుందన్న సంగతి సొమ్మంతా కట్టాక గానీ ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. పెద్ద అమెరికా కంపెనీల్లో మామూలు గదులకు అది రోజుకు మనిషికి సుమారు 15 నుంచి 20 డాలర్ల మధ్య ఉంటుంది. పిల్లలకూ లెక్క వేస్తారు కనుక రెండు కుటుంబాలకు కలిపి అది చిన్న మొత్తమేమీ కాదు. జాతకమంతా చెప్పి కట్నం సంగతి దాచినట్లుందని మా తోడల్లుడు వారి ఎదుటే అన్నాడు. వారు నవ్వేశారు గానీ, కొటేషన్ పద్ధతి మార్చినట్లు లేదు, ఆ తర్వాత మా బంధువులకు ఇచ్చిన కాగితమూ అలాగే ఉంది. రెండో లోపం బొమ్మలు. బాల్కనీ గది అని వాట్సాప్‌లో పంపిన ఫొటో అదే కంపెనీకి చెందిన మరో కొత్త ఓడలోనిది. కాగితం మీద సంవత్సరం, యార్డు అంత నిజాయతీగా రాసేవారు బొమ్మ దగ్గర అశ్రద్ధ చేయడం విడ్డూరమే.

వీసా పని శుభ్రంగా చేశారు. ఓడ సింగపూర్ వదిలి వేరే దేశం తాకి మళ్లీ సింగపూర్‌కే వస్తుంది కనుక తిరిగి ప్రవేశించడానికి కూడా చెల్లే వీసా ఉందో లేదో పేజీ తిప్పి మరీ చూశారు. విమానం ఓడ బయలుదేరే రోజునే కాకుండా ముందు రోజుకే తీసుకోమని గట్టిగా చెప్పారు. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు.

ఈ కార్యాలయానికి వెళ్లదలచినవారు మొదటి రోజే గది అద్దె, పోర్టు చార్జీలు, పన్నులు, సర్వీసు చార్జీ నాలుగూ ఒకే కాగితం మీద మొత్తం వేసి సంతకం పెట్టి ఇమ్మని అడగాలి, అడిగితే ఇస్తారు. గది ఫొటో కింద ఓడ పేరు రాయమనాలి. విశాఖ నుంచి వెళ్లాలని ఉన్నవారికి మాత్రం వీరు తొందరపెట్టి టికెట్టు అంటగట్టరు. 2022 జూన్‌లో ఎంప్రెస్ విశాఖకు వచ్చినప్పటి నుంచి మన వాళ్లలో ఆ ఆశ ఉంది, 2023లో అక్కడి క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. అయితే కోర్డేలియా తన రెండో ఓడ, మూడో ఓడ ఏ రేవుకు కేటాయిస్తారో ఖరారయ్యేదాకా అడ్వాన్సు తీసుకోబోమని యజమాని మా ఎదుటే ఒక గుంటూరు కుటుంబానికి చెప్పి, ఫోను నంబరు మాత్రం రాసుకుని పంపేశారు.