జెడ్డాలో ఒంటరిగా: బసలు, దారులు, బలద్ సందులు

2008లో వచ్చిన ‘ఫైండింగ్ నూఫ్’ అనే నేరపరిశోధన నవల చదివినవాళ్లకు సౌదీ అరేబియాలోని జెడ్డా అంటే మూసిన తలుపుల ఊరు. పెళ్లికి కొద్ది రోజుల ముందు నూఫ్ అనే 16 ఏళ్ల అమ్మాయి ఇంట్లోంచి మాయమవుతుంది. ఎడారిలో శవమై దొరుకుతుంది. నీళ్లలో మునిగి చనిపోయిందని పరీక్షలో తేలుతుంది. ఎవరు చేశారన్నదాని కన్నా, ఆ ఊళ్లో ఓ ఆడపిల్ల తనంతట తాను ఎంత దూరం వెళ్లగలదన్నదే చదివేవాళ్లను ఎక్కువ వెంటాడుతుంది. రచయిత్రి జోయీ ఫెరారిస్ అమెరికన్. తొలి గల్ఫ్ యుద్ధం తర్వాత అప్పటి భర్త కుటుంబంతో సౌదీలో ఉన్నారు కాబట్టి ఇంటి లోపలి సంగతులు నమ్మకంగా రాశారు. అయితే ఆ పుస్తకం పట్టుకుని ఇవాళ వెళితే సగం తాళాలు తీసే ఉంటాయి. ఏ సగమో ముందే తెలుసుకుని వెళ్లాలి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లయితే మరీను.

మారినవి ముందు చెప్పుకుందాం. వీధుల్లో తిరిగే మతపోలీసులకు (అక్కడ ముతవ్వా అంటారు) పట్టుకునే, వెంటాడే అధికారం 2016 ఏప్రిల్‌లో పోయింది. ఆడవాళ్లు 2018 జూన్ 24 నుంచి కారు నడుపుతున్నారు. 21 ఏళ్లు దాటిన సౌదీ మహిళలు మగ సంరక్షకుడి సంతకం లేకుండా పాస్‌పోర్టు తీసుకోవచ్చని 2019 ఆగస్టులో చట్టం మార్చారు. ఆ సెప్టెంబరులోనే పర్యాటక వీసాలు మొదలయ్యాయి. విదేశీ మహిళలకు అబాయా (ఒళ్లంతా కప్పే వదులైన పైవస్త్రం) తప్పనిసరి కాదని అప్పుడే చెప్పేశారు. కానీ భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలన్న నియమం మాత్రం ఉంది, అది మగవాళ్లకూ వర్తిస్తుంది. మన పొడుగు చేతుల కుర్తా, సల్వార్, చున్నీ చాలు. చీర కట్టుకునేవాళ్లు నడుము కనపడని పొడుగు జాకెట్టు వేసుకుంటే ఎవరి చూపూ ఇబ్బంది పెట్టదు.

వీసా దగ్గర ఒక్క మాట. అమెరికా, బ్రిటన్, షెంజెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసాల్లో ఏదో ఒకటి ఉండి, దాన్ని ఒకసారైనా వాడిన భారతీయులకు పని సులువు. లేనివాళ్లు వీసా కేంద్రానికి వెళ్లి వేలిముద్రలు ఇచ్చి రావాలి. వీసా చేతికొచ్చాక దాని మీద ఎన్నిసార్లు ప్రవేశం, ఎన్ని రోజులు అన్న రెండు గడులూ చదవండి. ఈ నిబంధన తరచూ మారుతుంది, గడువు దాటి ఉంటే జరిమానా పడుతుంది.

సామాను సర్దేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా పొరపడేది గసగసాల దగ్గర. అక్కడ అవి నల్లమందు లెక్కలోకి వస్తాయి. మసాలా పొడిలో కలిపి ఉన్నా, అరిసెల మీద అద్ది ఉన్నా వద్దు. ట్రమడాల్, ప్రీగాబలిన్, కొడీన్ ఉన్న మందులు వాడేవాళ్లు డాక్టరు చీటీ, అసలు అట్టపెట్టె, ప్రయాణానికి సరిపడా మాత్రలు మాత్రమే పెట్టుకోవాలి. విడి మాత్రలు డబ్బాలో పోసుకుని వెళ్లొద్దు.

ఇక బస. జెడ్డాలో మీకున్న స్వేచ్ఛ ఎంతన్నది ఎక్కువగా ఇక్కడే తేలుతుంది. మహిళలు గుర్తింపు కార్డు చూపించి ఒంటరిగా గది తీసుకోవచ్చని 2019లోనే స్పష్టం చేశారు. విదేశీ జంటలు పెళ్లి పత్రం చూపించనక్కర్లేదు. రాతలో ఇంత స్పష్టంగా ఉన్నా, చిన్న ఫర్నిష్డ్ అపార్ట్‌మెంట్ల దగ్గర నిర్ణయం కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషిది. ‘అవాయిల్’, అంటే కుటుంబాలకు మాత్రమే అన్న బోర్డు ఉన్నచోట ఒంటరి మగవాడికి ఎటూ గది రాదు. ఒంటరి మహిళను కూడా రాత్రి పదకొండింటికి ‘మేనేజరు లేడు’ అని నిలబెట్టే చోట్లు ఉన్నాయి. కాబట్టి బుక్ చేసిన రోజే ‘ఒక్క మహిళ, విదేశీ పాస్‌పోర్టు, రాత్రి ఫలానా గంటకు వస్తాను’ అని మెసేజ్ పెట్టి, సరేనన్న జవాబు ఫోన్లో ఉంచుకోండి. జవాబు రాకపోతే బుకింగ్ రద్దు చేసుకోవడమే మేలు. ఈ అపార్ట్‌మెంట్ల లాభం వంటగది. శాకాహారులకు అది పెద్ద ఊరట. చెప్పిన రేటులో 15 శాతం వ్యాట్ కలిసి ఉందో లేదో అడగండి. పాస్‌పోర్టు స్కాన్ చేసుకోనివ్వండి, ‘వెళ్లేటప్పుడు ఇస్తాం’ అంటే మాత్రం ఒప్పుకోకండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకు మేం చెప్పేది సముద్రం ఒడ్డున కార్నీష్ వైపు, లేదా అల్ హమ్రా ప్రాంతం. అర్ధరాత్రి దాకా పిల్లాపాపలతో కుటుంబాలు తిరుగుతుంటాయి, ఒంటరిగా నడిచినా ఎవరూ తిరిగి చూడరు. 260 మీటర్లకు పైగా ఎగిసే కింగ్ ఫహద్ ఫౌంటెన్ చీకటి పడ్డాక ఇక్కడి నుంచే బాగా కనిపిస్తుంది. ఒకటే లోటు: చాలా హోటళ్లలో ఈత కొలను మగవాళ్లకే, లేదా ఆడవాళ్లకు రోజులో ఓ రెండు గంటలే. ‘స్విమ్మింగ్ పూల్ ఉంది’ అన్న మాట నమ్మి డబ్బు కట్టకుండా ఆడవాళ్ల వేళలు అడగండి. సముద్రంలో ఈదాలనుకుంటే ఉత్తరాన ఓబుర్ దగ్గరి ప్రైవేటు బీచ్‌లు వేరే లోకం. టికెట్టు కొని లోపలికి వెళితే అక్కడి దుస్తుల నియమాలు వేరు. ప్రభుత్వ బీచ్‌లో అలా కుదరదు.

పాత ఊరు బలద్‌లో బైత్ జోఖ్‌దార్ లాంటి పాత ఇళ్లను బాగుచేసి హోటళ్లుగా మార్చారు. నవల మీద ఇష్టంతో వెళ్లేవాళ్లు ఒక్క రాత్రయినా ఇక్కడ ఉండాలి. ఖరీదు ఎక్కువ, గుమ్మం దాకా కారు రాదు, చక్రాల సూట్‌కేసు రాళ్ల సందుల్లో లాగాలి, చుట్టుపక్కల ఇళ్ల మరమ్మతుల దుమ్ము, చప్పుడు పగలంతా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్ల సంగతి ముందే కనుక్కోవాలి.

ఇన్ని లోటులున్నా వెళ్లమనడానికి కారణం రోషన్. అంటే గోడలోంచి వీధి మీదికి చొచ్చుకొచ్చే చెక్క కిటికీ గది. ఎర్రసముద్రం నుంచి తవ్విన పగడపు రాయితో గోడలు కట్టి, మధ్యమధ్య అడ్డంగా చెక్క దూలాలు పరిచి, పైన ఈ రోషన్‌లు బిగించారు. అల్లికలా చెక్కిన సన్న పుల్లల సందుల్లోంచి సముద్రపు గాలి లోపలికొస్తుంది, ఎండ రాదు. లోపల కూర్చున్న మనిషికి వీధి మొత్తం కనిపిస్తుంది. వీధిలోంచి తలెత్తి చూస్తే పుల్లల నీడలు తప్ప ఏమీ కనపడవు. నూఫ్ లాంటి అమ్మాయిల ప్రపంచం ఎంత పెద్దదో, ఎంత చిన్నదో పది నిమిషాలు ఆ పుల్లల వెనక కూర్చుంటే అర్థమవుతుంది. 2014లో యునెస్కో జాబితాకెక్కిన ఈ ప్రాంతంలో తప్పక చూడాల్సింది నసీఫ్ ఇల్లు. 1881కల్లా పూర్తయింది. 1925లో జెడ్డా తన చేతికొచ్చినప్పుడు సౌదీ రాజ్యాన్ని స్థాపించిన రాజు అబ్దులజీజ్ బస చేసింది ఇక్కడే. సామాను మోసే ఒంటెలు పైఅంతస్తు దాకా ఎక్కేలా మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా కట్టారు. గుమ్మం ముందు ఓ వేపచెట్టు. ఒకప్పుడు ఊరు మొత్తానికీ అదొక్కటే చెట్టట, అందుకే ‘చెట్టున్న ఇల్లు’ అనే పిలిచేవారు. వేప నీడలో పెరిగిన మనకు ఆ చెట్టు దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది.

బలద్‌కి పొద్దున్నే వెళితే మూసిన షట్టర్లు చూసి రావాలి. సాయంత్రం నాలుగున్నర తర్వాత బయల్దేరండి. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఊరంతా నిద్రే. నమాజు వేళల్లో దుకాణాలు తెరిచి ఉంచుకోవచ్చని 2021 నుంచి సడలింపు ఉన్నా, పాత బజారు చిన్న కొట్లవాళ్లు ఇరవై నిమిషాలు, అరగంట మూసేస్తారు. ఇళ్లు, సందులు ఎన్ని ఫొటోలైనా తీయండి. మనుషులను, ముఖ్యంగా ఆడవాళ్లను, అడగకుండా తీస్తే జరిమానా ఉంది. రంజాన్‌లో పగలు నలుగురిలో నీళ్లు కూడా తాగకూడదు.

తిండికి కొదవ లేదు. ముస్లిమేతరులూ, ఒంటరి ఆడవాళ్లూ హాయిగా కూర్చోవచ్చు. హోటళ్లకు ఆడ, మగ వేరు ద్వారాలు ఉండాలన్న నియమాన్ని 2019 డిసెంబరులో ఎత్తేశారు. తమీస్ రొట్టె, ఫూల్ (ముద్దగా ఉడికించిన చిక్కుడు లాంటి గింజలు) శాకాహారులకు కడుపు నింపుతాయి. 1974లో ఈ ఊళ్లోనే పుట్టిన అల్ బైక్ చికెన్ వదలొద్దు. ఇడ్లీ, దోసె కోసం మనసు లాగితే మలయాళీల అడ్డా షరఫియాకు వెళ్లండి.

తిరగడానికి ఉబర్, కరీమ్ యాప్‌లు చాలు. వీధి టాక్సీలో ఎక్కేముందే రేటు ఖాయం చేసుకోవాలి. మదీనాకు హరమైన్ రైలు మంచి సేవ: 2018లో మొదలైంది, గంటకు 300 కిలోమీటర్ల వేగం, దాదాపు రెండు గంటల్లో దింపుతుంది. ఒక స్టేషన్ విమానాశ్రయం టెర్మినల్ 1లోనే ఉంది. మీ విమానం వేరే టెర్మినల్‌లో దిగితే ఆ మధ్య దూరానికి అదనంగా సమయం ఉంచుకోండి. మదీనా ఊళ్లోకి ముస్లిమేతరులు వెళ్లవచ్చు, ప్రవక్త మసీదు పరిధిలోకి మాత్రం వెళ్లకూడదు. మక్కా ఊరి సరిహద్దే దాటకూడదు. ఇక్కడ జరిగే పొరపాటు తాయిఫ్ కొండలకు వెళ్లేవాళ్లది. ఫోన్‌లో మ్యాప్ దగ్గరి దారి చూపిస్తూ నేరుగా మక్కాలోంచి తీసుకెళుతుంది. రోడ్డు మీద ముస్లిమేతరులకు వేరే దారి అన్న బోర్డు వస్తుంది, అక్కడే మళ్లాలి. కారు మాట్లాడుకునేటప్పుడే డ్రైవరుకు చెప్పండి.

కరీంనగర్, జగిత్యాల, కడప వైపు నుంచి పనికి వెళ్లే ఆడవాళ్ల జెడ్డా మాత్రం ఇది కాదు. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే, దేశం విడిచే వీలు 2021 మార్చిలో కొందరికి వచ్చింది. ఇంటిపనివాళ్లను అందులో కలపలేదు. ‘ముందు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్పిస్తా’ అన్న ఏజెంటు మాట వింటే పని వీసాతో వచ్చే కొద్దిపాటి రక్షణా ఉండదు. ఇంట్లో ఎవరికైనా అలాంటి మాట వస్తే, దయచేసి అక్కడే ఆపండి.

చివరగా ఎడారి. నవలలో నీళ్లలో మునిగి చనిపోవడం రచయిత్రి కల్పించిన వింత అనిపిస్తుంది కానీ, జెడ్డావాళ్లకు అది అనుభవం. 2009 నవంబరు 25న నాలుగు గంటల్లో 90 మిల్లీమీటర్ల వాన కురిసి, వందమందికి పైగా పోయారు. ఎండిన వాగులను అక్కడ వాదీ అంటారు. కొండల్లో ఎక్కడో వాన పడితే, మీ నెత్తిన చినుకు లేకపోయినా వాదీలోకి నీళ్లు దూసుకొస్తాయి. నవంబరు నుంచి జనవరి దాకా, తిరగడానికి బాగుండే నెలల్లోనే ఈ ప్రమాదం. గైడును ఎంచుకునేటప్పుడు మూడు అడగండి: రెండో బండి వస్తుందా, టైర్లలో గాలి తగ్గించాక మళ్లీ కొట్టడానికి కంప్రెసర్ ఉందా, మనిషికి రోజుకు కనీసం ఐదు లీటర్ల నీళ్లు పెడుతున్నారా. ఒక్కదానికైనా నీళ్లు నమిలితే ఆ బండి ఎక్కొద్దు. గుడారం వేసే చోట చుట్టూ ఉన్న తుమ్మచెట్లను చూడండి. కొమ్మల్లో ఎండుగడ్డి, ప్లాస్టిక్ ముక్కలు చిక్కుకుని ఉంటే, అవి ఉన్న ఎత్తు దాకా ఒకప్పుడు నీళ్లొచ్చాయని లెక్క. గుడారం అంతకన్నా పైన వేయించండి.