కాలి రక్తనాళంలో పూడిక: నడకా, స్టెంటా, బైపాసా?

ఆర్కే బీచ్‌లో కాస్త దూరం నడవగానే పిక్కలు పట్టేస్తాయి. నిలబడితే వదిలేస్తాయి, మళ్లీ నడిస్తే మళ్లీ అదే. డాప్లర్ స్కాన్‌లో (రక్తప్రవాహాన్ని చూసే పరీక్ష) కాలి రక్తనాళం పూడిందని తేలగానే ఇంట్లోవాళ్లు "స్టెంట్ వేయించేద్దాం" అంటారు. స్టెంట్ అంటే నాళాన్ని తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టం. గుండెపోటులో వేసే స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది. నడిచినప్పుడే నొప్పి పుట్టే కాలికి వేసే స్టెంట్ నడక సుఖాన్నిస్తుంది గానీ ఆయుష్షు పెంచదు.

అందుకే ఈ దశలో నా ఓటు నడకకే. వారానికి కనీసం 3 సార్లు, 30 నుంచి 45 నిమిషాలు, నొప్పి గట్టిగా వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. 12 వారాలు ఓపిక పట్టాలి. పూడిన నాళం తెరుచుకోదు, కానీ ఉన్న రక్తంతోనే ఎక్కువ పని చేయడం కండరాలకు అలవాటవుతుంది. తోడుగా రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్, షుగర్ అదుపు. పొగ పూర్తిగా మానాలి. మన ఉత్తరాంధ్ర అమ్మమ్మల అడ్డపొగ చుట్టకూ మినహాయింపు లేదు!

నడిచినా గుణం లేకపోతే అప్పుడు స్టెంట్. ఏ కంపెనీదని అడిగే ముందు పూడిక ఎక్కడుందో అడగండి. గజ్జకు పైనున్న పెద్ద నాళమైతే స్టెంట్ ఏళ్ల తరబడి బాగా నిలుస్తుంది. తొడలో మళ్లీ పూడే అవకాశం ఎక్కువ. మోకాలి వెనక సంగతి మరీ కష్టం. గొంతుక్కూర్చున్నప్పుడల్లా మడతపడే చోటు కాబట్టి లోహం నలిగి విరగొచ్చు. అక్కడ వీలైతే నాళంలో ఉబ్బించి దారి తెరిచే బెలూన్‌తోనే సరిపెడతారు.

వేలు నల్లబడినా, పుండు మానకపోయినా, రాత్రిళ్లు నొప్పికి కాలు మంచం కిందికి వేలాడేయాల్సి వచ్చినా నడక మాట పక్కన పెట్టి, విశాఖ కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రికో ప్రైవేటుకో వెంటనే పరుగెత్తాలి. షుగర్ ముదిరినవాళ్లకు నొప్పి తెలియక నేరుగా పుండుతోనే బయటపడొచ్చు. ఇక్కడ పోటీ స్టెంట్‌కీ బైపాస్‌కీ. బైపాస్ అంటే పూడికను దాటి రక్తం పోయేలా, వీలైతే మన కాలి సిరతోనే, ఆపరేషన్ చేసి వేసే పక్కదారి. 2022లో వచ్చిన బెస్ట్-సీఎల్ఐ అధ్యయనంలో కాలిలో మంచి సిర ఉన్నవాళ్లకు బైపాసే మేలని తేలింది. 2023 నాటి బాసిల్-2 అధ్యయనంలో మోకాలి కింది నాళాలకు ముందు బెలూన్, స్టెంట్ దారి పట్టినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. కాబట్టి సంతకం పెట్టే ముందు సిరల స్కాన్ చేశారా, ఈ ఆపరేషన్‌ను గుండె తట్టుకుంటుందా అని డాక్టర్ గారిని అడగండి. సిర బాగుండి, మనిషి గట్టిగా ఉంటే బైపాస్ వైపే మొగ్గుతాను. గుండె బలహీనమైతే స్టెంటే.

కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. గంటల్లో ఆసుపత్రిలో ఉండాలి.