మెస్సీనా, డి మరియానా, మార్టినెజా: లుసైల్ ఫైనల్లో ఎవరికి ఎక్కువ మార్కులు?

1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన విజ్జీ ఊరు మాది. విజయనగరంలో టీ కొట్టు దగ్గర నలుగురు చేరితే మాట క్రికెట్ మీదికే పోతుంది గానీ ఫుట్‌బాల్ మీదికి రావడం అరుదు. అలాంటి ఊళ్లో అర్జెంటీనా జట్టును మన జట్టు అనుకుని ఏళ్ల తరబడి రాత్రుళ్లు మేలుకున్నవాళ్లం ముగ్గురం ఉన్నాం: మా బావ, నేను, మా ఇద్దరికీ చిన్నప్పుడు డ్రిల్లు నేర్పి ఇప్పుడు రిటైరైన మాస్టారు. పెద్ద మ్యాచ్ అయిన మరునాడు పొద్దున్నే మూడు లాంతర్ల కూడలి దగ్గర కలిసి, పాత క్యాలెండర్ కాగితం వెనక గళ్లు గీసి, ఆటగాళ్లకు పదికి ఇన్ని అని మార్కులు వేసుకోవడం మాకు అలవాటు. 2022 డిసెంబర్ 18న ఖతార్‌లోని లుసైల్‌లో ఫ్రాన్స్‌తో జరిగి, 3-3గా ముగిశాక పెనాల్టీల షూటౌట్‌లో అర్జెంటీనా గెలిచిన ప్రపంచ కప్ ఫైనల్‌కు వేసిన మార్కుల కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాని మీద ఒక మూల గుండ్రటి టీ మరక ఉంది, మెస్సీ, డి మరియా, గోల్‌కీపర్ మార్టినెజ్ పేర్ల ఎదుట కొట్టివేతలు మాత్రం చాలా ఉన్నాయి. ఆ రోజు తెగని లెక్కను ఇన్నాళ్లకు నెమ్మదిగా, మ్యాచ్‌ను మరో రెండు సార్లు చూసిన తరువాత, ఇక్కడ తూచి చూడాలని కూర్చున్నాను.

ముందుగా ఒక షరతు చెప్పుకోవాలి. మార్కులు ఆ ఒక్క మ్యాచ్‌కే గానీ మనిషి మొత్తం ఆట జీవితానికి కాదు. ఈ షరతును ఎక్కువగా తప్పింది మా బావే. ఆయన మెస్సీకి పదికి పది వేసి, కారణం అడిగితే 2014లో జర్మనీ చేతిలో ఓడిన ఫైనల్ దగ్గర నుంచి మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్ల దుఃఖానికి వేసిన మార్కులను 120 నిమిషాల ఆటకు వేసిన మార్కులుగా ఒప్పుకోవడం కష్టం.

షరతుకు కట్టుబడి చూసినా మెస్సీ లెక్క గట్టిదే. 23వ నిమిషంలో పెనాల్టీని గోలుగా మలిచాడు. అదనపు సమయంలో, 108వ నిమిషాన, ముందు వరసలో ఆడే మరో మార్టినెజ్, లౌటారో, కొట్టిన బంతిని ఫ్రాన్స్ గోల్‌కీపర్ లోరిస్ ఆపగా, తిరిగి వచ్చిన బంతిని తనకు అంతగా అలవాటు లేని కుడి కాలితో లోపలికి నెట్టాడు. గీత దాటాక ఫ్రాన్స్ డిఫెండర్ కూందే దాన్ని బయటికి తన్నినా ఫలితం లేకపోయింది. షూటౌట్‌లో అర్జెంటీనా తరఫున మొదట వెళ్లి, బంతిని తొందర లేకుండా దొర్లించాడు. ఒకే ప్రపంచ కప్‌లో గ్రూపు దశలోనూ, ఆ తరువాతి నాలుగు రౌండ్లలోనూ ప్రతి దశలో గోలు కొట్టిన మొదటి ఆటగాడు అయ్యింది కూడా ఆ రాత్రే. ఫైనల్లో ఉత్తమ ఆటగాడిగా నిర్వాహకులు ఎంచుకున్నది అతణ్ణే, టోర్నమెంట్ మొత్తానికి ఇచ్చే గోల్డెన్ బాల్ కూడా అతనికే దక్కింది. ఇంత ఉన్నా నేను ఒక మార్కు తగ్గించాను, అందుకు కారణం 81వ నిమిషం. అర్జెంటీనా మొదటి గోలు తిన్న రెండు నిమిషాలు తిరగకముందే, నడి మైదానంలో మెస్సీ కాలి దగ్గరున్న బంతిని ఫ్రాన్స్ ఆటగాడు కోమాన్ లాగేసుకున్నాడు. ఆ బంతే రెండు మూడు పాస్‌ల్లో తురామ్ మీదుగా ఎంబాపేకు చేరి, నేలను తాకకుండానే గోలైపోయింది. ఇదే తప్పు జట్టులోని మరొకడు, డి పాల్ లాంటివాడు, చేసి ఉంటే బావ అతనికి ఆరు మార్కులైనా వేసేవాడు కాదు.

మాస్టారి పక్షం వేరు. ఆయన కాలేజీ రోజుల్లో గోలు కాసిన మనిషి కాబట్టి ఎమిలియానో మార్టినెజ్ గడిలో తొమ్మిదిన్నర రాశారు. దానికి మా బావ ఊరుకోలేదు. "ఏటి మాస్టారూ, మూడు గోల్స్ పోయినోడికి తొమ్మిదిన్నర ఇత్తారా?" అని అడిగితే, మాస్టారు గ్లాసు కింద పెట్టి, "అందులో రెండు పెనాల్టీలు బాబూ, మూడోది ఏ కీపరుకైనా కష్టమే" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఎంబాపే 80వ నిమిషంలో కొట్టిన మొదటి పెనాల్టీకి మార్టినెజ్ సరైన పక్కకే దూకి, చేతిని కూడా తగిలించాడు. బలం ఎక్కువై బంతి లోపలికి పోయింది. అయితే మాస్టారి మార్కులన్నీ నిలబడింది మరొక క్షణం మీద. అదనపు సమయం కూడా అయిపోయి, రెఫరీ కలిపిన నిమిషాల్లో చివరిది నడుస్తుండగా, స్కోరు 3-3 ఉన్నప్పుడు, ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువానీకి అర్జెంటీనా డిఫెండర్ల వెనక ఖాళీ దొరికింది. అతని ముందు గోల్‌కీపర్ ఒక్కడే మిగిలాడు. మార్టినెజ్ చేతులు చాచి ముందుకు వచ్చి, ఎడమ కాలిని పక్కకు ఎంత సాగితే అంత సాగదీశాడు. బంతి ఆ కాలికి తగిలి బయటికి మళ్లింది. గోల్‌కీపర్ పనిలో ఎక్కువ భాగం దూకడం కాదనీ, ఎదుటివాడికి కనిపించే ఖాళీని చిన్నది చేయడమనీ మాస్టారు మాకు అక్కడే రోడ్డు పక్కన, చేతిలో ఖాళీ గ్లాసుతోనే, కాలు చాచి చూపించారు. దారిన పోయే ఆటోవాళ్లు ఒకరిద్దరు ఆగి మరీ చూశారు.

మార్టినెజ్‌కు అడ్డొచ్చేది మిగతా ఆట. ఫ్రాన్స్ మొదటి సగంలో అసలు ఒక్క షాట్ కూడా కొట్టలేదు కాబట్టి చాలాసేపు అతనికి చేయవలసిన పనే లేదు. పని లేనివాడికి మార్కులు తగ్గించడం అన్యాయమంటే ఒప్పుకుంటాను గానీ, పెంచడానికీ ఆధారం ఉండాలి కదా. ఇక షూటౌట్ సంగతి. కోమాన్ కొట్టిన బంతిని ఆపాడు. చువామెనీ వచ్చేసరికి బంతిని దూరంగా విసిరేసి, అతను వెళ్లి తెచ్చుకునేలా చేశాడు, చువామెనీ పక్కకు కొట్టాడు. తరువాతి ఏడాది నిబంధనల్లో, తన్నబోయే ఆటగాడి దృష్టిని గోల్‌కీపర్ అక్రమంగా మళ్లించకూడదని స్పష్టంగా చేర్చారు. దాన్ని బట్టి ఆ పద్ధతి ఎంత పని చేసిందో తెలుస్తుంది, ఎంత దాకా మెచ్చుకోవాలో కూడా తెలుస్తుంది. షూటౌట్‌ను నేను ఆటలో భాగంగా కలపను. రికార్డుల్లో ఆ మ్యాచ్ 3-3గానే ఉంటుంది. షూటౌట్‌లో వచ్చిన 4-2 అన్నది కప్పు ఎవరిదో తేల్చడానికి పెట్టిన వేరే పరీక్ష. ఈ ఒక్క విషయంలో మాస్టారికీ నాకూ ఎప్పటికీ కుదరదు.

నేను తొమ్మిదిన్నర వేసింది ఏంజెల్ డి మరియాకు. అతను ఆడింది 64 నిమిషాలే, అందుకే ఈ అంకె చూసి మిగతా ఇద్దరూ నవ్వారు. గాయం వల్ల నాకౌట్ మ్యాచ్‌లలో దాదాపు కనిపించని మనిషిని కోచ్ స్కలోనీ ఫైనల్లో మొదటి నుంచే దింపాడు, అదీ సాధారణంగా ఆడే కుడి పక్కన కాకుండా ఎడమ పక్కన. ఆ పక్కన ఫ్రాన్స్ తరఫున కాపలా ఉన్న కూందే అసలు నడి డిఫెండర్‌గా పేరు తెచ్చుకున్నవాడు. అతనికి సాయంగా వెనక్కి రావలసిన డెంబెలేకు కాపలా పని అంతగా అలవాటు లేదు. డి మరియా గీతను ఆనుకుని నిలబడి బంతి కోసం ఎదురు చూశాడు, అంతే. బంతి అందిన ప్రతిసారీ ఒక అడుగు లోపలికి, మరొక అడుగు బయటికి వేసి ఎదుటివాణ్ణి తికమక పెట్టాడు. అలా లోపలికి తిరిగినప్పుడే డెంబెలే వెనక నుంచి తగిలి పడేశాడు, పెనాల్టీ వచ్చింది. మెస్సీ ఖాతాలో పడిన మొదటి గోలుకు పెట్టుబడి డి మరియాది.

36వ నిమిషం గోలు గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మెస్సీ, డి మరియా ఇద్దరి లెక్కా అందులోనే కలిసి ఉంది. సొంత సగంలో దొరికిన బంతిని అర్జెంటీనా నడి ఆటగాడు మెకాలిస్టర్ మెస్సీకి ఇచ్చాడు. మెస్సీ దాన్ని ఆపలేదు. వీపు వెనక ఎవరున్నారో తెలిసినవాడిలా ఎడమ పాదం అంచుతో అల్వారెజ్ వైపు తిప్పాడు. అల్వారెజ్ కూడా ఆపకుండా ముందున్న ఖాళీలోకి పంపాడు. అప్పటికే ఆ ఖాళీలోకి పరుగు పెట్టిన మెకాలిస్టర్, తాను కొట్టే వీలున్నా, ఎడమ పక్క నుంచి వస్తున్న డి మరియాకు అడ్డంగా అందించాడు. డి మరియా బంతి నేల మీద ఉండగానే ఎడమ కాలితో లేపి, కిందికి వాలుతున్న లోరిస్ మీదుగా పంపాడు. గోలు కొట్టిన మనిషి కన్నీళ్లు తుడుచుకుంటుంటే మా బావ కూడా ఆ రాత్రి కండువాతో మొహం కప్పుకున్నాడు, ఇప్పుడు ఒప్పుకోడు గానీ.

ఆ తరువాత 41వ నిమిషంలో, విరామం కూడా రాకముందే, ఫ్రాన్స్ కోచ్ డెషాంప్ డెంబెలేను, జిరూను బయటికి పిలిచేశాడు. ఫైనల్లో ఎదుటి కోచ్‌తో మొదటి సగంలోనే ఇద్దరిని మార్పించడానికి ఎంత ఆట ఆడి ఉండాలో అదే చెబుతుంది. నా దృష్టిలో డి మరియా గోలు కన్నా ఇది బరువైనది.

దీనికి మా బావ వేసిన అడ్డు ప్రశ్న మంచిదే. డి మరియా 64వ నిమిషంలో వెళ్లిపోతే ఫ్రాన్స్ గోలు 80వ నిమిషం దాకా రాలేదు, మధ్యలో 16 నిమిషాలు ఏమీ జరగలేదు, మరి అతను లేకపోవడం వల్లనే ఆట తిరిగిందని ఎలా అంటావు అని అడిగాడు. ఆట తిరగడానికి 71వ నిమిషంలో ఫ్రాన్స్ తరఫున దిగిన కోమాన్, కమవింగాలే కారణమనీ, అలసిపోయిన అర్జెంటీనా కాళ్లు మరొక కారణమనీ ఆయన వాదన. అందులో సగం ఒప్పుకున్నాను. కానీ డి మరియా స్థానంలో అకున్యా వచ్చాక అర్జెంటీనా ఎడమ పక్కన ముందుకు వెళ్లే మనిషి లేకుండా పోయాడు. ఎదుటివాళ్లు వెనక్కి చూసుకోవలసిన అవసరం తీరిపోయింది. వెనక భయం లేని జట్టు ముందుకు తోసుకు రావడానికి 16 నిమిషాలు ఎక్కువ సమయం కాదు. ఫ్రాన్స్‌కు మొదటి పెనాల్టీ వచ్చేలా కోలో మువానీ మా డిఫెండర్ ఒటమెండిని దాటిపోయింది కూడా అర్జెంటీనా ఎడమ పక్క నుంచే.

చివరికి కాగితం మీద నా గడిలో డి మరియాకు తొమ్మిదిన్నర, మెస్సీకి తొమ్మిది, మార్టినెజ్‌కు ఎనిమిదిన్నర మిగిలాయి. ఫైనల్లో ఏ ఒక్కరిని తీసేస్తే కప్పు పోయేది అని అడిగితే మాత్రం మాస్టారి జవాబే సరైనదని ఒప్పుకుంటాను. ఆ ఎడమ కాలు అక్కడ లేకపోతే మేము మార్కులు వేసుకోవడానికి కలిసేవాళ్లమే కాదు. ఎవరు బాగా ఆడారన్న ప్రశ్న వేరు, ఎవరు కాపాడారన్న ప్రశ్న వేరు. మేము ఆ పొద్దున్నంతా ఈ రెండింటినీ కలిపేసి గొడవ పడ్డాం. బావ తన పదిలో అర మార్కు తగ్గించడానికి ఒప్పుకున్నాడు, అదీ రెండో టీ డబ్బులు నేను ఇస్తానన్న తరువాతే.

ఇన్నాళ్లకు కాగితం మళ్లీ తీసి చూస్తే మరొకటి కనిపించింది. మా ఊరి పైడితల్లి సిరిమాను ఊరేగింపులో అందరి కళ్లూ మాను కొసన కూర్చున్న పూజారి మీదే ఉంటాయి, కింద బండి లాగేవాళ్ల మొహాలు మరునాటికి ఎవరికీ గుర్తుండవు. 36వ నిమిషం గోలును మొదలుపెట్టి, దాని కోసం మైదానంలో సగం దూరం పరుగెత్తి, చివరి పాస్ ఇచ్చిన మెకాలిస్టర్ పేరు ఎదుట మాస్టారి చేతి రాతలో ఏడున్నర అని ఉంది. ఆ అంకె మీద ఒక్క కొట్టివేత కూడా లేదు, దాని గురించి మేమెవరం ఒక్క మాటా అన్నట్టు గుర్తు లేదు. నేను పెన్ను తీసుకుని దాన్ని ఎనిమిదిన్నర చేశాను. వచ్చే ఆదివారం మాస్టారికి చూపించాలి.