భీమిలిలో మా ఉమ్మడి గోడకి సున్నం పని: మేస్త్రిగారి బృందం గురించి నా అనుభవం

భీమిలిలో మా అత్తవారిల్లు ఐదిళ్ళ వరసలో రెండోది. ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ, ఐదిళ్ళకీ కలిపి ఒకటే పెంకుల కప్పు, వీధి పొడుగునా ఒకటే అరుగు. మా పిల్లలు ఆ అరుగు మీదే ఈ కొస నుంచి ఆ కొసకి పరిగెత్తుతూ పెరిగారు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు మాది. డచ్చివాళ్ళ సమాధులు చూడ్డానికి విశాఖ నుంచి కార్లేసుకుని వస్తారు గానీ, ఇంకా కాపురాలు నడుస్తున్న ఈ వరస ఇళ్ళ వంక చూసేవాళ్ళు తక్కువ. ఏడాదికొకటి చొప్పున కూలగొట్టేస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా బాధంతా ముందుగది గోడతో. 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ తుపానుకి పెంకులు లేచిపోయి గోడలు నానిపోయాయి. తొందరలో ఒక కాంట్రాక్టరు చేత పాత గార గీకించేసి సిమెంటు పూయించాం. రెండేళ్ళు బాగానే ఉంది. తరవాత మోకాలెత్తున చెమ్మ, తెల్లగా ఉప్పు, రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోవడం. మూడుసార్లు రంగులేయించాం, ఒకసారి వాటర్‌ప్రూఫ్ పూత కూడా కొట్టించాం. కొట్టించిన ప్రతిసారీ చెమ్మ ఇంకో జానెడు పైకెక్కింది.

ఈ మేస్త్రిగారి సంగతి వన్‌టౌన్‌లో ఉండే మా ఆడపడుచు చెప్పింది. ఆయన, ఆయన కొడుకు, ఇంకో నలుగురు. సున్నం పని తప్ప మరోటి ఒప్పుకోరు. మొదటిరోజు టేపు కూడా తియ్యలేదు. వేలి కణుపుతో గోడంతా కొట్టుకుంటూ పోయారు. గట్టిగా మోగినచోట వదిలేసి, డొల్లగా మోగినచోటల్లా సుద్దముక్కతో గీత గీశారు. దూలం కింద గీకకుండా మిగిలిపోయిన పాత గార ముక్క ఒకటి ఊడదీసి నా అరచేతిలో పెట్టారు. చూస్తే బియ్యపు నూకంత ఆల్చిప్ప ముక్కలు, ఎర్రటి ఇటుక పొడి! దాన్ని గాజు గ్లాసులో వేసి యాసిడ్ పోస్తే బుసబుసా పొంగి సున్నమంతా కరిగిపోయింది, అడుగున ఇసకా ఇటుక నలుసులూ మిగిలాయి. ఆ ఇసక ఎంత బరకగా ఉందో వేళ్ళ మధ్య నలిపి చూసి అలాంటిదే తెప్పించారు. సముద్రపు ఇసక మాత్రం గుమ్మం దాటనివ్వలేదు, ఉప్పుంటుందని.

"సిమెంటేత్తే గోడకి రైనుకోటు తొడిగినట్టేనమ్మా. లోపలి సెమట ఎటెల్తాది?" అన్నారు. నేలలోంచి ఎక్కిన తడి సున్నపు గారలోంచయితే మెల్లగా గాలికి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే పైకైనా ఎక్కాలి, గోడకి అవతలి వైపైనా తేలాలి. మా అసలు చిక్కు అక్కడే. ఉమ్మడి గోడకి అటువైపు పక్కింటి మావయ్యగారు సిమెంటు చేయించి, దానిమీద టైల్స్ వేయించుకున్నారు. అటు తియ్యకుండా ఇటు పని ముట్టుకోనన్నారు మేస్త్రిగారు. అడ్వాన్సు ఇవ్వబోతే తీసుకోలేదు. తనే వెళ్ళి మావయ్యగారి అరుగు మీద కూర్చుని, ఆ గ్లాసు ముందు పెట్టి మాట్లాడారు. రెండు ఆదివారాలు పట్టింది. చివరికి నడుమెత్తు దాకా టైల్స్ తీయించడానికి మావయ్యగారు ఒప్పుకున్నారు, ఆ ఖర్చు చెరిసగం. డబ్బిచ్చి పని చేయించుకునేవాళ్ళం మేమైతే, మాకోసం పొరుగువారిని బతిమాలింది ఆయన. ఆ రోజే నాకు ఆయన మీద గురి కుదిరింది.

సున్నం మూడు వారాలు డ్రముల్లో నానింది. కరక్కాయలూ బెల్లమూ వేసి పులియబెట్టిన నీళ్ళ వాసన పెరడంతా నిండిపోయేది. మూడు పొరలు వేశారు. పొరకీ పొరకీ మధ్య వారం పైనే ఆగి, అన్నాళ్ళూ తడి గోనెపట్టాలు వేలాడదీశారు. చివరి పొరని నున్నటి గులకరాయితో రుద్దుతుంటే గోడ మెల్లగా నిగనిగలాడుతూ వచ్చింది. చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలింది, నేను కాపురానికొచ్చిన కొత్తలో తగిలినట్టే. దూలాల్లో ఒకదాని కొస పుచ్చిపోతే ఆ మూరెడే కోసి టేకు ముక్క అతికారు. పగిలిన నాటు పెంకులకి బదులు, కూలుస్తున్న ఇంకో ఇంటి నుంచి పాతవే కొనుక్కొచ్చారు.

లోటుపాట్లూ చెప్పాలి. నలభై రోజులన్న పని డెబ్బై రెండు రోజులైంది. రాతలో ఎస్టిమేటు ఇవ్వరు. నేనే నోటుపుస్తకంలో రాసి సంతకం పెట్టించుకున్నాను, మీరూ అలాగే చెయ్యండి. మార్చి ఎండకి పడమటి గోడ మీద వెంట్రుకల్లాంటి పగుళ్ళు వచ్చాయి. ఫోను చేస్తే మర్నాడే వచ్చి సరిచేశారు, పైసా అడగలేదు. మాకు మొత్తం లక్షా అరవై వేలయింది. సిమెంటు పని కంటే ఎక్కువే. కానీ ఇన్నేళ్ళూ ఆ గోడ రంగులకి పోసిన డబ్బు తలుచుకుంటే నాకు బాధ లేదు.

ఒక వానాకాలం గడిచింది. చెమ్మ గీత మళ్ళీ రాలేదు. స్విచ్‌బోర్డు కింద మాత్రం కొంచెం ఉప్పు పూస్తోంది. గోడలో పాతుకున్నది బయటికొస్తోందని, తడిగుడ్డతో తుడవకుండా పొడి బ్రష్షుతో దులపమన్నారు. అలాగే చేస్తున్నాను, తగ్గుతోంది.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. మా వరసలో నాలుగో ఇంటివాళ్ళు కూడా కూలగొట్టే ఆలోచన మానుకుని, సంక్రాంతి వెళ్ళాక ఈయన్నే పిలుస్తామన్నారు. మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేనే వేలి కణుపుతో గోడ కొట్టి చూశాను. కిటికీ కింద డొల్లగా మోగింది. సుద్దముక్క అడిగి గీత గీసి వచ్చాను.